రెడ్‌వుడ్ అడవికి అమ్మానాన్నలతో ఆర్‌వీ ప్రయాణం: సలహాలు కావాలి

గోదావరి గట్టు, ఫ్రీమాంట్

అందరికీ నమస్కారం. జూలైలో మా అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి వస్తున్నారు. నాన్న అటవీశాఖలో పనిచేసి రిటైరయ్యారు. రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల్లో ఆయన ఎరగని చెట్టు లేదు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన రెడ్‌వుడ్ చెట్లు మాకు ఒక రోజు దూరంలోనే ఉన్నాయని చెప్పినప్పటి నుంచి ఫోను చేసినప్పుడల్లా వాటి గురించే అడుగుతున్నారు. అందుకే ఈసారి ఉత్తర కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ నేషనల్ పార్కుకు ఆర్‌వీ (పడకలు, వంటగది ఉన్న ఇంటిలాంటి బండి) అద్దెకు తీసుకుని వెళ్దామని అనుకుంటున్నాం.

మేమిద్దరం, తొమ్మిదేళ్ళ అమ్మాయి, ఐదేళ్ళ అబ్బాయి, అమ్మానాన్నలు, వెరసి ఆరుగురం. ముప్పై అడుగుల బండి ఒకటి చూశాను. మొదటి రోజు సముద్రం పక్కగా హైవే 1 మీద ఫోర్ట్ బ్రాగ్, రెండో రోజు రెడ్‌వుడ్, మూడో రోజు ఒరెగాన్‌లోని క్రేటర్ లేక్, అక్కడి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ పార్కు, వారం తిరిగేసరికి ఇల్లు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు. నాన్న రాత్రిళ్ళు నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీపాప్ మిషన్ పెట్టుకుని పడుకుంటారు. బయటి తిండి ఇద్దరికీ పడదు కాబట్టి వంట బండిలోనే. వెళ్ళొచ్చినవాళ్ళు మంచిచెడ్డలు చెప్పండి.

తూర్పుపవనం, శాన్ రామోన్

నా మాట కాస్త కటువుగా ఉన్నా మన్నించండి. అరవై దాటినవాళ్ళకు ఆర్‌వీ సుఖం కాదు. మెట్టు ఎత్తుగా ఉంటుంది, పడక ఇరుకు, బాత్రూంలో తిరగడానికి చోటుండదు, బండి కదిలితే గిన్నెలన్నీ గలగలమంటాయి. అడవి దగ్గరున్న క్రెసెంట్ సిటీలో మోటెల్ గదులు తీసుకుని, రోజూ కారులో అడవికి వెళ్ళి రండి. పెద్దవాళ్ళకు వేణ్ణీళ్ళ స్నానం, మెత్తటి పరుపు ఉంటే చాలు, ప్రయాణం బాగుందనే అంటారు.

నల్లరేగడి, శాక్రమెంటో

గోదావరి గట్టు గారూ, ఆర్‌వీ ఆలోచన మానుకోవద్దు, కానీ మీ దారి పటాన్ని మాత్రం పక్కన పెట్టేయండి. రెడ్‌వుడ్‌కు ఒక్క రోజు కేటాయించి క్రేటర్ లేక్‌కు, ఒలింపిక్‌కు పరుగెత్తితే, నాన్నగారు అడవిని కిటికీలోంచి చూసి వస్తారు. ఉన్న వారమంతా ఈ ఒక్క అడవికే ఇవ్వండి.

ఇది ఒకే పార్కు కాదు. 1968లో ఏర్పడిన నేషనల్ పార్కు, దాని కన్నా ముందు నుంచీ ఉన్న మూడు స్టేట్ పార్కులు (ప్రెయిరీ క్రీక్, డెల్ నోర్ట్ కోస్ట్, జెడెడియా స్మిత్) కలిసి ఒకే అడవిగా 1994 నుంచి ఉమ్మడి నిర్వహణలో ఉన్నాయి. పార్కుకు ప్రవేశ రుసుము లేదు. బండి పెట్టుకోవడానికి నాలుగు క్యాంప్‌గ్రౌండ్లు ఉన్నాయి, నాలుగూ స్టేట్ పార్కుల పరిధిలోవే. వేటిలోనూ కరెంటు, నీళ్ళ, మురుగు కనెక్షన్లు ఉండవు. బండిలో ఉన్న బ్యాటరీ, ట్యాంకులే మీకు ఆధారం.

ఇక బండి పొడవు. ముప్పై అడుగుల బండికి అక్కడ చోటే లేదు. జెడెడియా స్మిత్‌లో ఆర్‌వీ 25 అడుగులకు మించకూడదు, ఎల్క్ ప్రెయిరీలో 27, మిల్ క్రీక్‌లో 28. అద్దె కంపెనీ '25 అడుగుల మోడల్' అని రాసినా అసలు కొలత అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. ముందు బంపరు నుంచి వెనక నిచ్చెన, సైకిళ్ళ స్టాండుతో సహా ఎంతో అడిగి రాయించుకోండి. నాలుగోది గోల్డ్ బ్లఫ్స్ బీచ్. అక్కడికి వెళ్ళే డేవిసన్ రోడ్డు మట్టి బాట. 24 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు దాటిన బండిని రానివ్వరు. అద్దె ఆర్‌వీల్లో చాలా వాటి వెడల్పే 8 అడుగులు దాటుతుంది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నా సలహా జెడెడియా స్మిత్. చుట్టూ పాత అడవి, పక్కనే స్మిత్ నది. కాలిఫోర్నియాలో ఆనకట్ట లేకుండా పారే పెద్ద నది అదే. నీళ్ళు ఆకుపచ్చగా, అడుగున రాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉంటాయి. క్యాంప్‌గ్రౌండులో వేడినీళ్ళ షవర్లు, ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికి డంప్ స్టేషన్ ఉన్నాయి. సముద్ర తీరం నుంచి కాస్త లోపలికి ఉండడం వల్ల మధ్యాహ్నం ఎండ కూడా పడుతుంది. తీరం వెంబడి మాత్రం జూలైలోనూ స్వెటర్ తప్పదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట: మీ సొంత కారు కూడా తీసుకెళ్ళండి. ఒకరు ఆర్‌వీ, ఒకరు కారు. సైటులో (క్యాంప్‌గ్రౌండులో మీకిచ్చే చోటు) రెండో వాహనానికి విడిగా రుసుము కట్టాలి, అంతే. ఎందుకంటే అక్కడ చూడదగ్గ చోట్లకు వెళ్ళే రోడ్లలో కొన్ని ఆర్‌వీకి పనికిరావు. హౌలాండ్ హిల్ రోడ్డు చెట్ల మధ్య మెలికలు తిరిగే సన్నని మట్టి దారి. రెండు చెట్ల నడుమ కారు అద్దాలు మడుచుకుని పోవాలా అనిపించే చోట్లున్నాయి. లేడీ బర్డ్ జాన్సన్ గ్రోవ్ అనే తోపుకు వెళ్ళే బాల్డ్ హిల్స్ రోడ్డు నిటారు ఎక్కుడు. కారు లేకపోతే ఈ రెండూ వదులుకోవాల్సిందే. ఆర్‌వీని సైటులో దిమ్మల మీద సమం చేసి నిలబెట్టాక, తిరిగి ఇంటికి బయల్దేరేదాకా కదపకండి.

బాటసారి, శాన్ హోసే

దారి గురించి నేను చెబుతాను. హైవే 1 వద్దు. ఫోర్ట్ బ్రాగ్ దాటాక లెగ్గెట్ దాకా ఉన్న మలుపులు కారులో వెళ్ళేవాళ్ళకే కడుపులో తిప్పుతాయి. నేరుగా హైవే 101 పట్టుకోండి. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి క్రెసెంట్ సిటీకి దాదాపు 350 మైళ్ళు. ఆర్‌వీతో, పెద్దవాళ్ళతో ఒక్క రోజులో లాగొద్దు. మధ్యలో అవెన్యూ ఆఫ్ ది జెయింట్స్ ఉంది, హంబోల్ట్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో 101కు సమాంతరంగా 31 మైళ్ళు సాగే పాత రోడ్డు. తారు రోడ్డే, ఆర్‌వీ హాయిగా పోతుంది. మొదటి రాత్రి ఆ చుట్టుపక్కల ఆగండి. లెగ్గెట్‌లో చెట్టు మొదలులో తొలిచిన దారి గుండా కార్లు వెళ్ళే చోటు ఒకటుంది, పిల్లలు అడుగుతారు. ఆర్‌వీ అందులో పట్టదు.

క్లామత్ దాటాక లాస్ట్ ఛాన్స్ గ్రేడ్ వస్తుంది. కొండచరియ మొత్తం సముద్రంలోకి జారుతూ ఉండే చోటు అది. మరమ్మతుల కోసం ఒకే వరుసలో బండ్లు వదులుతుంటారు. చివరికి సొరంగం తవ్వాలని 2024లో నిర్ణయించారు కానీ అది పూర్తి కావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఆ దారిలో గంటో అరగంటో ఎక్కువ వేసుకోండి.

కారు నడిపే చేతికి ఆర్‌వీతో కొత్తగా అనిపించేది దాని తోక. వెనక చక్రాల వెనుక బండి ఇంకా చాలా పొడవుంటుంది. మీరు ఎడమకు తిప్పితే వెనక భాగం కుడికి ఊగుతుంది. పెట్రోలు బంకులో పంపు పక్క నుంచి బయటికి తిప్పేటప్పుడు ఎక్కువమంది బండిని గీరుకునేది ఇందుకే. బంకు దాటి నేరుగా కొంత ముందుకు వెళ్ళాకే స్టీరింగ్ తిప్పండి. బండి ఎత్తు ఒక కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి. ఇంకొకటి: రెండు వరుసల రోడ్డు మీద మీరు నెమ్మదిగా వెళ్తూ, మీ వెనక ఐదు బండ్లు చేరితే పక్కకు ఆగి దారి ఇవ్వాలని కాలిఫోర్నియా చట్టం. బండి నడుస్తున్నప్పుడు వెనక పడకల మీద ఎవరినీ పడుకోనివ్వకండి. ఐదేళ్ళ బాబు సీటు ముందుకు చూసే సీటుకే బిగించాలి.

సంపెంగ, బీవర్టన్

వంట సంగతి నేను చెబుతాను, ఈ ప్రయాణాల్లో మా ఇంట్లో ఆ బాధ్యత నాదే.

రైస్ కుక్కర్ తీసుకెళ్ళకండి. కరెంటు కనెక్షన్ లేని చోట దానికి జనరేటర్ వేయాలి. జనరేటర్ ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకే. చిన్న ప్రెషర్ కుక్కర్ పెట్టుకోండి, గ్యాస్ పొయ్యి మీద అన్నం, పప్పు ఒకేసారి అయిపోతాయి. ఎండుమిర్చి పోపు బండి లోపల పెట్టారా, పొగ అలారం కూసి క్యాంపంతా లేస్తుంది. పులిహోర పులుసు, కూరలకు కావాల్సిన పోపు ఇంట్లోనే చేసి సీసాల్లో పెట్టుకెళ్ళండి. కందిపొడి, గోంగూర పచ్చడి, నెయ్యి ఉంటే రాత్రి భోజనానికి వేరే ఆలోచన అక్కర్లేదు.

నీళ్ళ విషయం అమ్మగారికి ముందే వివరంగా చెప్పండి. మంచినీళ్ళ ట్యాంకు చాలా బండ్లలో 40 గాలన్లకు అటూఇటూ. కుళాయి ధారగా వదిలి గిన్నెలు తోమితే ఒక్క రోజులో ఖాళీ. గిన్నెలు ముందు కాగితంతో తుడిచి, రెండు తొట్లు పెట్టుకుని కడగాలి. ఆ నీళ్ళు నేల మీద పారబోయకూడదు, వాడిన నీళ్ళు చేరే గ్రే ట్యాంకులోకే వెళ్ళాలి. స్నానాలకు క్యాంప్‌గ్రౌండు షవర్లు వాడండి. టాయిలెట్‌లో మనవాళ్ళు మగ్గుతో నీళ్ళు వాడతారు కదా, దానికి బెంగ వద్దు. టాయిలెట్ మురుగు చేరే బ్లాక్ ట్యాంకుకు నీళ్ళు పడితేనే మంచిది, కాగితం పేరుకుంటేనే గడ్డకట్టి ఇబ్బంది పెడుతుంది. డంప్ స్టేషన్‌లో ముందు బ్లాక్ ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు వదలండి, సబ్బు నీళ్ళతో గొట్టం శుభ్రపడుతుంది. చేతి తొడుగులు మర్చిపోవద్దు.

గోదావరి గట్టు

ఇంత వివరంగా రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ముప్పై అడుగుల బండి ఆలోచన మానేశాను, 24 అడుగుల లోపు వెతుకుతున్నాను. క్రేటర్ లేక్, ఒలింపిక్ కూడా ఇంకోసారికి వాయిదా.

మూడు సందేహాలు. ఒకటి, అన్నిటికన్నా ఎత్తైన చెట్టు దగ్గరికి వెళ్ళగలమా? నాన్న మొదట అడిగేది అదే. రెండు, సీపాప్ సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు, మా అమ్మాయి పక్షులకు అటుకులు, మరమరాలు వేస్తానని ఇప్పటి నుంచే డబ్బా సర్దుకుంటోంది. అది పరవాలేదా?

పాలపిట్ట, యురీకా

మూడో ప్రశ్నకు నేను జవాబు చెప్పాలి. ఆ డబ్బా ఇంట్లోనే ఉంచేయండి. ఒక్క మరమరం గింజ కూడా నేల మీద పడకూడదు. ఎందుకో చెబుతాను, పాపకు కూడా చెప్పండి, వింటే తనే కాపలా కాస్తుంది.

ఈ అడవిలో మార్బుల్డ్ మర్రెలెట్ అనే పక్షి ఉంది. పావురం కన్నా చిన్నది. బతుకంతా సముద్రం మీదే, చేపలే తిండి. అయితే గుడ్డు పెట్టడానికి మాత్రం మైళ్ళ కొద్దీ లోపలికి, ఈ పాత చెట్ల పైకి ఎగిరి వస్తుంది. గూడు కట్టదు. వందల ఏళ్ళ చెట్టుకే ఉండే వెడల్పాటి కొమ్మ మీద, దట్టంగా పరచుకున్న నాచులో చిన్న గుంట చూసుకుని ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. సముద్రపు పక్షి గూడు చెట్టు మీద ఉంటుందని ఎవరికి తడుతుంది? పక్షుల శాస్త్రజ్ఞులు దశాబ్దాలు వెతికినా ఉత్తర అమెరికాలో దొరకని ఆ గూడు చివరికి 1974లో, ఇదే రాష్ట్రంలోని బిగ్ బేసిన్ పార్కులో, చెట్టెక్కిన ఒక కార్మికుడి కంటబడింది.

తెల్లవారుజామున, సాయంసంధ్యలో తల్లీతండ్రీ చేపను ముక్కున కరచుకుని సముద్రం నుంచి వస్తాయి. ఆ వేళకు మీరు లేచి ఉంటే 'కీర్, కీర్' అని పైన ఎక్కడో వినిపిస్తుంది, కంటికి మాత్రం ఆనదు. పిల్ల పెరిగాక మొదటిసారి రెక్క విప్పిందంటే నేరుగా సముద్రానికే పోతుంది.

దీనికి శత్రువులు కాకి జాతి పక్షులు: నీలం రంగు స్టెల్లర్స్ జే, రావెన్. అడవిలో వాటికి సహజంగా దొరికే తిండి అంతంతమాత్రమే. క్యాంప్‌గ్రౌండులో మనం రాల్చే చిప్స్ ముక్కలు, అన్నం మెతుకులు వాటికి రోజువారీ విందు. ఆ తిండి వల్ల క్యాంపుల చుట్టూ వాటి సంఖ్య పెరుగుతుంది. అలా పెరిగిన జేలు ఖాళీ వేళల్లో పై కొమ్మలు గాలిస్తాయి, ఆ ఒక్క గుడ్డూ దొరికితే తినేస్తాయి. ఏడాదికి ఒకే గుడ్డు పెట్టే పక్షికి అది పోతే ఆ ఏడు పోయినట్టే. చెట్ల నరికివేతతో ఇప్పటికే చాలావరకు అంతరించిన పక్షి ఇది. 1992లోనే దీన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు.

నిజానికి ఈ అడవికి వచ్చే మనందరి నుంచీ నేను కోరేది ఇదొక్కటే. చెట్లను చట్టం కాపాడుతోంది, గుడ్డును కాపాడేది మీ బల్ల శుభ్రత. భోంచేశాక బల్ల తుడవండి, కింద వంగి మెతుకులు ఏరండి, పిల్లల ఒడిలోని ముక్కలు చెత్తబుట్టలో దులపండి. మిగిలిన పెరుగన్నం పొదలో పారబోయడం, అరటి తొక్క చెట్టు కింద వేయడం వద్దు. ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి కాబట్టి తిండి సామాను రాత్రి బల్ల మీద వదలకండి, లాకర్లోనో, కిటికీలు మూసిన బండిలోనో పెట్టండి.

పాప చూడటానికి వేరేవి ఉన్నాయి. అరటిపండంత పసుపు నత్తలు, పెంకు లేనివి, వాన పడ్డ ఉదయం దారి మీద కనిపిస్తాయి. ఎల్క్ ప్రెయిరీ దగ్గర రూజ్‌వెల్ట్ ఎల్క్ అనే పెద్ద జింకల మందలు మేస్తుంటాయి, 75 అడుగుల దూరం నుంచే చూడాలి. ఇక్కడి యురోక్ ఆదివాసీ ప్రజలు నేషనల్ పార్కుతో కలిసి 2022లో కాండర్ రాబందులను మళ్ళీ ఈ ఆకాశంలోకి వదిలారు. నూరేళ్ళకు పైగా ఈ ప్రాంతంలో కనుమరుగైన పక్షులవి. తల ఎత్తి చూస్తూ ఉండండి.

సంపెంగ

పాలపిట్ట గారూ, ఇది చదివాక చేగోడీల బదులు ముక్కలుగా కోసుకునే కొబ్బరి లౌజు తీసుకెళ్ళాలని నిశ్చయించుకున్నాను. రాలేవి ఏవీ పెట్టకూడదు.

నల్లరేగడి

ఎత్తైన చెట్టు సంగతి. దాని పేరు హైపీరియన్, 2006లో గుర్తించారు, ఎత్తు దాదాపు 116 మీటర్లు. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ నిలబెట్టినా దాని చిటారుకొమ్మ అందదు. కానీ వెళ్ళడానికి వీల్లేదు. అక్కడికి దారి లేదు. జనం పొదలు తొక్కుకుంటూ వెళ్ళి చెట్టు మొదలు చుట్టూ నేల గట్టిపడేలా చేశారు. 2022లో ఆ చోటు మూసేశారు. పట్టుబడితే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. అంత చెట్టుకూ తల్లివేరు లేదు. వేళ్ళు ఆరు నుంచి పన్నెండు అడుగుల లోతుకే దిగి, పక్కలకు వంద అడుగుల దాకా పాకుతాయి. మన పాదాలు పడేది వాటి మీదే.

నాన్నగారికి నేను చూపించేది స్టౌట్ గ్రోవ్. జెడెడియా స్మిత్ క్యాంప్‌గ్రౌండు నుంచి నది మీద వేసవిలో మాత్రమే కాలివంతెన వేస్తారు. అది దాటితే కొద్ది నడకలో 44 ఎకరాల పాత తోపు. వంతెన వేశారో లేదో ముందు రేంజర్లను అడగండి. అమ్మగారిని హౌలాండ్ హిల్ రోడ్డు మీదుగా కారులో అటువైపు దింపవచ్చు. తోపు చుట్టూ దారి అర మైలు పైచిలుకు, లోపల దాదాపు చదునే. నది వరదలొచ్చినప్పుడల్లా ఒండ్రు పరిచి పొదలను అణచేయడం వల్ల చెట్ల కింద ఫెర్న్ మొక్కలు తప్ప అడ్డేమీ ఉండదు, మొదలు నుంచి పై దాకా చెట్టు పూర్తిగా కనిపిస్తుంది. ప్రెయిరీ క్రీక్‌లో బిగ్ ట్రీ కూడా రోడ్డు పక్కనే, అమ్మగారికి తేలిక. ఫెర్న్ మొక్కలు గోడల్లా కప్పిన ఇరుకు లోయ ఫెర్న్ కాన్యన్ చూడాలంటే మే 15 నుంచి సెప్టెంబరు 15 దాకా ముందస్తు పర్మిట్ కావాలి.

అటవీశాఖలో పనిచేసినవారు కాబట్టి ఒకటి తప్పక చూపించండి. నరికిన టేకు మోడు నుంచి పిలకలు వస్తాయని ఆయనకు కొట్టినపిండి. సూదాకు చెట్లలో ఆ గుణం చాలా అరుదు, రెడ్‌వుడ్‌కు ఉంది. పాత మోడు చుట్టూ వలయంగా నిలబడ్డ చెట్లు కనిపిస్తే అవన్నీ ఒకే తల్లి పిలకలు. బెరడు ఒక అడుగు మందం దాకా ఉంటుంది, జిగురు తక్కువ కాబట్టి నిప్పుకు త్వరగా లొంగదు. వేసవిలో వాన ఉండదు. సముద్రం మీద నుంచి వచ్చే పొగమంచును ఆకులు ఒడిసిపట్టి, ఏడాదికి కావాల్సిన నీటిలో మూడో వంతు దాకా సంపాదించుకుంటాయి. ఒకప్పుడు ఇరవై లక్షల ఎకరాలున్న పాత అడవిలో ఇప్పుడు మిగిలింది ఐదు శాతం.

వేపచెట్టు, ఫోల్సమ్

సీపాప్ గురించి. ఆర్‌వీ బ్యాటరీ మీద ఒక రాత్రి నడుస్తుంది కానీ, అదే రాత్రి హీటరు కూడా వేస్తే దాని ఫ్యాను బ్యాటరీని తోడేస్తుంది. తెల్లవారేలోపు మిషన్ ఆగిపోవచ్చు. రాత్రి జనరేటర్ వేయనివ్వరు. మిషన్‌కు సరిపోయే 12 వోల్టుల అడాప్టర్ కొనండి, ఇన్వర్టర్ కన్నా కరెంటు తక్కువ లాగుతుంది. తేమ కోసం వేడిచేసే భాగాన్ని కట్టేయవచ్చా అని డాక్టరును అడగండి, కరెంటు ఎక్కువగా లాగేది అదే. దానితోపాటు విడిగా ఒక సీపాప్ బ్యాటరీ ఉంచుకుని, పగలు జనరేటర్ మీద ఛార్జ్ చేయండి. ప్రయాణానికి ముందు ఇంట్లో ఒక రాత్రి ఆ బ్యాటరీ మీదే పడుకోమని చెప్పి చూడండి.

తూర్పుపవనం

నేను మొదట చెప్పిన మాట మీదే ఉన్నాను, పెద్దవాళ్ళను ఆర్‌వీలో పడుకోబెట్టకండి. అయితే మోటెల్ కూడా అక్కర్లేదు. జెడెడియా స్మిత్‌లోనే నాలుగు క్యాబిన్లున్నాయి, ఎల్క్ ప్రెయిరీలోనూ ఉన్నాయి. లోపల కరెంటు, హీటరు ఉంటాయి. బాత్రూము, వంటగది ఉండవు. పరుపులు, దుప్పట్లు మీరే తెచ్చుకోవాలి. అమ్మానాన్నలు క్యాబిన్‌లో, మీరు ఆర్‌వీలో. మిషన్ గోడ ప్లగ్గుకే పెట్టుకుంటారు. భోజనానికి అందరూ మీ బల్ల దగ్గరికి చేరతారు.

వేపచెట్టు

ఇది నా సలహా కన్నా మేలు. క్యాబిన్ దొరికితే అదే చేయండి.

గోదావరి గట్టు

తూర్పుపవనం గారూ, మా ఇంట్లో అందరికీ నచ్చిన మాట మీదే. జెడెడియా స్మిత్‌లో ఒక క్యాబిన్, ఒక ఆర్‌వీ సైటు, వాటితోపాటు మా కారు. దారిలో హంబోల్ట్‌లో ఒక రాత్రి. పాలపిట్ట గారూ, మా అమ్మాయికి మీరు రాసింది చదివి వినిపించాను. డబ్బాలోంచి అటుకులు తీసేసి, మెతుకులు ఏరడానికి చిన్న చీపురు, చేట పెట్టుకుంది. నాన్నకు మోడు పిలకల సంగతి చెప్పాను. వలయంలో ఎన్ని చెట్లుంటాయి, మోడు వయసెంత ఉంటుంది, విత్తనం ఎంత ఉంటుంది అని ప్రశ్నలు మొదలుపెట్టారు.

నల్లరేగడి

విత్తనం టమాటా గింజంత, కాయ ఆలివ్ కాయంత. మిగతావి అక్కడ రేంజర్లను అడగమనండి, ఆయన స్థాయి ప్రశ్నలంటే వాళ్ళు సంతోషిస్తారు.

బాటసారి

బుకింగ్ మర్చిపోకండి. స్టేట్ పార్కుల సైట్లు, క్యాబిన్లు రాకకు ఆరు నెలల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు, జూలై తేదీలు నిమిషాల్లో అయిపోతాయి. ఖాతా ముందే తెరిచి, కార్డు వివరాలు పెట్టుకుని, ఇద్దరూ రెండు కంప్యూటర్ల మీద కూర్చోండి: ఒకరు క్యాబిన్, ఒకరు సైటు. క్యాబిన్లు నాలుగే కాబట్టి ముందు క్యాబిన్ ఖాయమైన తేదీలకే ఆర్‌వీ అద్దె ఒప్పందం చేసుకోండి. కట్టెలు ఇక్కడి నుంచి మోసుకెళ్ళకండి, ఓక్ చెట్లను చంపే తెగులు వాటితో పాటు పాకుతుంది, అక్కడే కొనండి. పార్కులో చాలా చోట్ల ఫోను సిగ్నల్ ఉండదు, మ్యాపులు ముందే దింపుకోండి.